చట్టాల బడికి దారెటు?

*శామీర్‌పేటలోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయానికి పాతికేళ్లు దాటాయి. అక్కడ తయారైన నివేదికను ముందుంచుకుని సుప్రీంకోర్టు తీర్పు రాసింది. చుట్టుపక్కల ఊళ్ల తెలుగు మీడియం పిల్లలకు మాత్రం ఆ గేటు లోపల ఏముందో ఇప్పటికీ సరిగా తెలియదు.*

సోమవారం పొద్దున పదిన్నర. అంతాయిపల్లిలోని మేడ్చల్–మల్కాజిగిరి కలెక్టరేట్‌లో ప్రజావాణి మొదలైంది. వరండాలో బెంచీలు నిండిపోయి, జనం గోడల వెంట నిలబడ్డారు. తలకు తువ్వాలు చుట్టుకున్న ఒక పెద్దాయన ప్లాస్టిక్ సంచిలోంచి కాగితాలు ఒక్కొక్కటే తీసి, దరఖాస్తు రాసే కుర్రాడి ముందు పెడుతున్నాడు. పాత పాసుపుస్తకం, కొత్త పాసుపుస్తకం, పహాణీ నకలు, మడతల దగ్గర చిరుగుపట్టిన ఒక కోర్టు ఉత్తర్వు.

"గిండ్ల ఏం రాసిండ్రో జర సదివి చెప్పు బిడ్డా."

కుర్రాడు రెండు లైన్లు చూసి తల గోక్కున్నాడు. "ఇది ఇంగ్లిష్ల ఉన్నది తాతా. వకీలుకు సూపియ్యి, నాకు సమజైతలేదు."

ఆ వరండాకు కొద్ది కిలోమీటర్ల దూరంలోనే, రాజీవ్ రహదారికి ఓ పక్కన నల్సార్ ప్రాంగణం 'జస్టిస్ సిటీ' ఉంది. దేశంలో చట్టం చదవాలనుకునే పిల్లలు బెంగళూరు తర్వాత ఎక్కువగా కోరుకునే ప్రాంగణాల్లో అదొకటి. శామీర్‌పేట కట్ట మైసమ్మకు మొక్కు తీర్చుకుని, చెరువు గట్టున కాసేపు కూర్చుని వెళ్లే సిటీ జనంలో చాలామంది ఆ బోర్డు చూసే ఉంటారు. అదేదో రియల్ ఎస్టేట్ వెంచరేమో అనుకున్నవాళ్లూ ఉన్నారు. అందులో వాళ్ల తప్పేమీ లేదు, ఈ రోడ్డు మీద 'సిటీ' అని పేరున్నవన్నీ దాదాపు అలాంటివే.

నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం పేరు ఈమధ్య పదేపదే వినిపిస్తోంది. 2025 జూలైలో ఇక్కడి స్నాతకోత్సవానికి వచ్చిన అప్పటి భారత ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ బి.ఆర్.గవాయ్, విచారణలు దశాబ్దాల తరబడి సాగుతున్నాయని, ఏళ్లపాటు జైల్లో మగ్గాక నిర్దోషులుగా తేలినవాళ్లు ఉన్నారని వేదిక మీదే అన్నారు. తల్లిదండ్రుల నెత్తిన లక్షల అప్పు పెట్టి విదేశీ డిగ్రీలకు పరుగెత్తొద్దనీ పిల్లలకు చెప్పారు. అంతకు రెండు నెలల ముందే ఇంకో తమాషా ముగిసింది. న్యాయ విద్య ప్రవేశ పరీక్ష 'క్లాట్' తానే కోర్టు బోనెక్కింది. 2024 డిసెంబర్ పరీక్ష 'కీ'లో తప్పులున్నాయన్న గొడవ ఢిల్లీ హైకోర్టు మీదుగా సుప్రీంకోర్టుకు చేరి, మే దాకా తేలలేదు. సీటు వచ్చిందో రాలేదో తెలియక వేలమంది పిల్లలు ఐదు నెలలు ఎదురుచూశారు.

ద్రాక్ష తోటల మధ్యకు

1980ల దాకా మన దగ్గర లా చదువంటే ఒక లెక్క ఉండేది. పొద్దంతా ఉద్యోగం, సాయంత్రం లా కాలేజీ. లేదంటే ఎక్కడా సీటు రాని డిగ్రీవాడి ఆఖరి మజిలీ. అటెండెన్స్ అడిగేవాళ్లు లేరు, చెప్పేవాళ్లూ అంతంతమాత్రమే. అలాంటి చోట్ల నుంచి గొప్ప న్యాయవాదులు రాలేదని కాదు. వచ్చారు, సొంత కష్టంతో.

ఈ లెక్క మార్చాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా తలపెట్టింది. న్యాయ విద్యావేత్త ఎన్.ఆర్.మాధవ మేనన్ పట్టుబట్టి బెంగళూరులో నేషనల్ లా స్కూల్ పెట్టించారు. ఇంటర్ కాగానే ఐదేళ్లపాటు హాస్టల్‌లో ఉండి, ఆర్ట్స్ సబ్జెక్టులతో కలిపి చట్టం చదివే పద్ధతి అక్కడ 1988లో మొదలైంది. పదేళ్లకు ఆంధ్రప్రదేశ్ శాసనసభ అదే నమూనాతో 1998లో 34వ చట్టం చేసింది. అలా పుట్టిందే నల్సార్.

ఆ ఏడాదిని ఒకసారి గుర్తుచేసుకోవాలి. సైబర్ టవర్స్ తలుపులు తెరిచింది 1998 నవంబర్‌లో. ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ మొదలైందీ అప్పుడే. నగరం పడమటికి పరుగెత్తుతున్న కాలంలో చట్టాల బడి మాత్రం మొదట బర్కత్‌పురలో ఒక భవనంలో కుదురుకుని, ఆ తర్వాత ఉత్తరానికి, శామీర్‌పేటకు దారిపట్టింది. అప్పటి శామీర్‌పేట, మేడ్చల్ అంటే ద్రాక్ష తోటలు. పందిళ్ల కింద నుంచి నడిచివెళ్లే రోజులవి. ఇప్పుడు ఆ తోటలు పేర్లలో తప్ప లేవు. తుర్కపల్లి వైపు జీనోమ్ వ్యాలీ వచ్చింది, కొవాగ్జిన్ సీసాలు బయటికొచ్చింది అక్కడి నుంచే. 2008లో జవహర్‌నగర్ వైపు బిట్స్ పిలానీ ప్రాంగణం వచ్చింది. అవుటర్ రింగ్ రోడ్డు వచ్చింది. 2016 అక్టోబర్‌లో ఈ ప్రాంతం రంగారెడ్డి నుంచి విడివడి కొత్త జిల్లా అయింది. ఇన్నిటి మధ్య 55 ఎకరాల్లో నల్సార్ ఉంది.

తొలి వైస్ ఛాన్సలర్ రణబీర్ సింగ్ పదేళ్లు ఉన్నారు. ప్రాంగణం, సిలబస్, పేరు అన్నీ ఆయన కాలంలో కట్టినవే. ఆయన్నే ఢిల్లీలో కొత్తగా పెట్టిన జాతీయ న్యాయ విశ్వవిద్యాలయానికి తొలి వీసీగా తీసుకెళ్లారు. తర్వాత వీర్ సింగ్, 2012 నుంచి పదేళ్లు ఫైజాన్ ముస్తఫా, 2022 నుంచి శ్రీకృష్ణదేవరావు. ముస్తఫాను యూట్యూబ్‌లో రాజ్యాంగ పాఠాలు చెప్పే మాస్టారుగానే ఎక్కువమంది గుర్తుపడతారు. ఆ పాఠాలు విన్నవాళ్ల సంఖ్య, ఆయన క్లాసులో కూర్చున్నవాళ్ల సంఖ్య పక్కపక్కన పెడితే విశ్వవిద్యాలయం అనే మాటకు కొత్త అర్థం చెప్పుకోవాలేమో.

> ఎవరి చేతిలో ఏముంది?
>
> • మామూలు రాష్ట్ర విశ్వవిద్యాలయానికి గవర్నర్ ఛాన్సలర్. నల్సార్‌కు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఛాన్సలర్. 2019 జనవరి 1న రెండు రాష్ట్రాల హైకోర్టులు విడిపోయాక ఆ బాధ్యత తెలంగాణ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిది.
>
> • జనరల్ కౌన్సిల్ విధానాలు చూస్తుంది. ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్ పాలన నడుపుతుంది. చదువు సంగతులు అకడమిక్ కౌన్సిల్‌వి, డబ్బు లెక్కలు ఫైనాన్స్ కమిటీవి.
>
> • అనుబంధ కాలేజీలు లేవు. ఉస్మానియాలాగా వందల కాలేజీలకు పరీక్షలు పెట్టి, మార్కులు వేసే పని లేదు.
>
> • రాష్ట్రం విడిపోయాక ఆంధ్రప్రదేశ్‌కు మిగిలిన జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం 2008 నాటిది. విశాఖపట్నం దగ్గర సబ్బవరంలో ఉంది. పేరు దామోదరం సంజీవయ్యది.

పేరుకు ముందు 'నేషనల్' ఉన్నా, చట్టం రాష్ట్ర శాసనసభ చేసింది. ఐఐటీలకు పార్లమెంటు చట్టం, కేంద్రం డబ్బు. జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాలకు ఆ వసతి లేదు. రాష్ట్రం ఇచ్చేదానికి తోడు బరువంతా ఫీజుల మీద పడుతుంది. హాస్టల్, మెస్ కలిపి ఏడాదికి రెండు లక్షలు దాటే లెక్క అక్కడి నుంచే వచ్చింది. ప్రభుత్వ విశ్వవిద్యాలయమంటే ఫీజు తక్కువ అనుకుని వచ్చే తండ్రి ఆఫీసు కౌంటర్ దగ్గరే మొదటి పాఠం నేర్చుకుంటాడు.

మెట్టు దిగలేనివాళ్ల కోసం

పరిశోధన అనగానే మనకు తెల్లకోటు, గాజు గొట్టాలు గుర్తొస్తాయి. జీనోమ్ వ్యాలీ పక్కనే ఉన్నందుకు ఇంకా ఎక్కువ. చట్టంలో పరిశోధన ఎలా ఉంటుందో చెప్పడానికి నల్సార్‌లోని వైకల్య అధ్యయన కేంద్రం కథ చాలు.

అమితా ధండా అనే ప్రొఫెసర్ ఇక్కడ చాలా ఏళ్లు పనిచేశారు. మానసిక అనారోగ్యం ఉన్నవాళ్లను మన చట్టాలు ఎలా చూస్తున్నాయన్నది ఆమె జీవితకాలపు ప్రశ్న. సంతకం చెల్లదు, ఆస్తి మీద మాట చెల్లదు, ఆసుపత్రిలో ఉండాలా వద్దా అన్నదీ వేరేవాళ్లే నిర్ణయిస్తారు. ఒక మనిషికి బుద్ధి నిలకడగా లేదని కాగితం మీద రాయగానే అతను చట్టం కళ్లకు మనిషి కాకుండా పోతున్నాడని ఆమె వాదించారు. వికలాంగుల హక్కులపై ఐక్యరాజ్యసమితి 2006లో ఒప్పందం తెచ్చినప్పుడు ఆ చర్చల్లో ఆమె గొంతు వినిపించింది. భారత్ ఆ ఒప్పందాన్ని 2007లో ఆమోదించింది. దాని వెంటే 2016 వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది. పాత చట్టం ఏడు రకాల వైకల్యాలనే గుర్తిస్తే, కొత్తది ఇరవై ఒకటికి చోటిచ్చింది.

చట్టం వచ్చింది కదా, మరి బస్సు ఎక్కగలుగుతున్నారా? జేబీఎస్ బస్టాండులో ఒక గంట నిలబడి చూడండి. చక్రాల కుర్చీలో ఉన్న మనిషి మెట్టు ఎక్కాలంటే నలుగురు కలిసి ఎత్తాలి. ఒక ఆఫీసుకు ర్యాంపు ఉంటుంది, అది ఎక్కి వెళ్తే టాయిలెట్ తలుపు కుర్చీ పట్టనంత ఇరుకు. ఇంకో చోట లిఫ్ట్ ఉంటుంది, దాని ముందు రెండు మెట్లుంటాయి.

రాజీవ్ రతూరి అనే అంధుడు ఈ సంగతే 2005లో సుప్రీంకోర్టు ముందు పెట్టారు. రోడ్లు, రవాణా, భవనాలు అందరికీ అందుబాటులో ఉండాలన్నది ఆయన పిటిషన్. 2017 డిసెంబర్‌లో కోర్టు ప్రభుత్వాలకు గడువులతో ఆదేశాలిచ్చింది. గడువులు దాటాయి, పనులు సగంలోనే ఆగాయి. 2023 నవంబర్‌లో కోర్టు శామీర్‌పేట వైపు చూసింది. దేశంలో వాస్తవంగా పరిస్థితి ఎలా ఉందో, ఏం చేయాలో చెప్పమని నల్సార్ వైకల్య అధ్యయన కేంద్రాన్ని అడిగింది. వాళ్లు నివేదిక ఇచ్చారు.

2024 నవంబర్ 8న వచ్చిన తీర్పులో ఆ నివేదిక ముద్ర కనబడుతుంది. 2016 చట్టం 'తప్పనిసరి' అంటోంది, దాని కింద ప్రభుత్వం రాసుకున్న 15వ నిబంధన మాత్రం మార్గదర్శకాలు ఇచ్చి సరిపెడుతోంది, ఇది చట్టానికే విరుద్ధం అని కోర్టు తేల్చింది. మూడు నెలల్లో తప్పనిసరి ప్రమాణాలు తయారుచేయాలని, ఆ పనిలో నల్సార్ కేంద్రాన్ని కలుపుకోవాలని చెప్పింది. పందొమ్మిదేళ్ల నాటి ఒక పిటిషన్‌కు కదలిక తెచ్చింది కొందరు అధ్యాపకులు, పరిశోధకులు కూర్చుని రాసిన కాగితాలు. ప్రయోగశాల లేదు, పేటెంటూ లేదు. అయినా దాని ఫలితం రేపు ఏ ఊరి బస్టాండులోనైనా కనబడాలి.

ఉరిశిక్ష పడిందెవరికి?

రెండో ఉదాహరణ చిన్నదే, కానీ దానిలో ఒక తిరుగు ప్రయాణం ఉంది. అనూప్ సురేంద్రనాథ్ నల్సార్‌లో చదివి, ఆక్స్‌ఫర్డ్ వెళ్లి, ఢిల్లీ జాతీయ న్యాయ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు. సుప్రీంకోర్టులో డిప్యూటీ రిజిస్ట్రార్‌గా ఉండగా, 2015 జూలైలో ముంబై పేలుళ్ల కేసు దోషి యాకూబ్ మెమన్ ఉరి అమలైన వెంటనే ఆ పదవి వదిలేశారు. ఉరిశిక్ష పడిన ఖైదీలను జైళ్లలో కలిసి ఆయన బృందం 2016లో ఒక నివేదిక తెచ్చింది. అప్పటికి దేశంలో ఉరిశిక్ష పడినవాళ్లు 385 మంది అయితే, వాళ్లలో 373 మందితో మాట్లాడింది ఆ బృందం. దాదాపు నాలుగింట మూడు వంతుల మంది ఆర్థికంగా చితికిన ఇళ్లవాళ్లని తేలింది. ఆ బృందమే 2025లో పేరు మార్చుకుని 'స్క్వేర్ సర్కిల్ క్లినిక్'గా నల్సార్‌కు తరలివచ్చింది.

ఈ రెండు పనులూ చూశాక ఒక మాట అనక తప్పదు. ఈ విశ్వవిద్యాలయం చేసే పని పేదవాడి గుమ్మం దాకా చేరుతోంది. పేదవాడి పిల్ల ఈ విశ్వవిద్యాలయం గుమ్మం దాకా చేరడమే కష్టంగా ఉంది.

నాలుగు వందల యాభై పదాల గోడ

నల్సార్‌లో సీటు రావాలంటే క్లాట్ రాయాలి. ఒకప్పుడు ఒక్కో జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఒక్కో పరీక్ష పెట్టేది. ఒకే పిల్లవాడు వారానికో ఊరికి రైలెక్కేవాడు. ఆ బాధ సుప్రీంకోర్టు దాకా వెళ్లాక ఏడు విశ్వవిద్యాలయాలు కలిసి 2008 నుంచి ఉమ్మడి పరీక్ష పెట్టాయి. రెండో ఏడాది, 2009లో ఆ పరీక్ష నిర్వహించింది నల్సారే. ఇప్పుడు కన్సార్టియం అనే ఉమ్మడి సంఘం చూసుకుంటోంది.

> క్లాట్ కొలతలు
>
> • రెండు గంటలు, 120 ప్రశ్నలు. తప్పు జవాబుకు పావు మార్కు కోత.
>
> • ఐదు భాగాలు: ఇంగ్లిష్, వర్తమాన వ్యవహారాలు, న్యాయ తర్కం, తార్కిక ఆలోచన, లెక్కలు. లెక్కల వాటా పదో వంతే.
>
> • చాలా ప్రశ్నలు సుమారు 450 పదాల ఇంగ్లిష్ పేరా చదివి జవాబు రాయాల్సినవి.
>
> • దరఖాస్తుకు జనరల్ అభ్యర్థులకు 4,000 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 3,500.

చట్టం ముందే చదివి రావాలని క్లాట్ అడగదు. ఇంగ్లిష్ వేగంగా చదవమంటుంది. శామీర్‌పేట జిల్లా పరిషత్ హైస్కూల్లో పదో తరగతి దాకా తెలుగులో చదువుకున్న అమ్మాయికి తర్కం తక్కువేమీ కాదు. పొలం గట్టు తగాదాలో ఎవరి వాదన ఎక్కడ తేలిపోయిందో ఆమె చక్కగా చెప్పగలదు. ఆ 450 పదాల పేరా ఆమెను ఆపేస్తుంది. పేరా పూర్తయ్యేలోపు పక్క సీటులోని ఇంటర్నేషనల్ స్కూల్ పిల్లాడు మూడు ప్రశ్నలు ముందుంటాడు.

నీట్, జేఈఈ మెయిన్ పదమూడు భాషల్లో, అందులో తెలుగులోనూ ఉన్నప్పుడు క్లాట్ ఒక్క ఇంగ్లిష్‌లోనే ఎందుకని ఢిల్లీ విశ్వవిద్యాలయం లా విద్యార్థి ఒకరు 2023లో హైకోర్టుకు వెళ్లారు. బార్ కౌన్సిల్ ఆ కోరికను సమర్థించింది. కన్సార్టియం నిపుణుల కమిటీ వేశామంది, ఆ ఏటి పరీక్షకు మాత్రం కుదరదంది. చట్టపు భాషను అనువదించడం కష్టమన్న వాదనలో కొంత నిజముంది. కానీ మన రాష్ట్రంలో లాసెట్ తెలుగులోనూ రాయొచ్చు. ఆ పరీక్ష రాసి వచ్చినవాళ్లే కదా జిల్లా కోర్టుల్లో రోజూ వాదిస్తున్నది! భారత ప్రధాన న్యాయమూర్తి పీఠమెక్కిన ఎన్.వి.రమణ ఉమ్మడి కృష్ణా జిల్లా పొన్నవరం రైతు బిడ్డ, లా చదివింది నాగార్జున విశ్వవిద్యాలయంలో.

నల్సార్ సీట్లలో నాలుగో వంతు తెలంగాణ వాళ్లకు కేటాయించారు. మంచిదే. కానీ స్థానికత సర్టిఫికెట్ జూబ్లీహిల్స్ పిల్లాడికీ వస్తుంది, మూడుచింతలపల్లి పిల్లకూ వస్తుంది. క్లాట్ ర్యాంకు ముందు ఇద్దరిలో ఎవరు నెగ్గుతారో ఊహించడం కష్టం కాదు. న్యాయ విశ్వవిద్యాలయాల్లో ఎవరు చదువుతున్నారని న్యాయశాస్త్ర అధ్యాపకుడు షంనాద్ బషీర్ స్థాపించిన 'ఐడియా' సంస్థ చేసిన సర్వేలు చెప్పిందీ ఇదే: అత్యధికులు ఇంగ్లిష్ మీడియం వాళ్లు. బషీర్ 2019లో చనిపోయారు. అంధ విద్యార్థుల్నీ, పల్లెటూరి పిల్లల్నీ వెతికి, క్లాట్‌కు తర్ఫీదిచ్చే ఆ సంస్థ మాత్రం నడుస్తోంది. మన గురుకులాల్లోనూ క్లాట్ శిక్షణ మొదలై, కొందరు పిల్లలు జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల్లో అడుగుపెట్టారు.

అడుగుపెట్టాక ఏమవుతుందన్నది ఇంకో సంగతి. 2023 ఫిబ్రవరిలో నల్సార్ స్నాతకోత్సవంలోనే అప్పటి ప్రధాన న్యాయమూర్తి డి.వై.చంద్రచూడ్ ఆ విషయం ఎత్తారు. ఐఐటీ బొంబాయిలో ఒక దళిత విద్యార్థి, అంతకుముందు ఒడిశా న్యాయ విశ్వవిద్యాలయంలో ఒక ఆదివాసీ విద్యార్థి ప్రాణాలు తీసుకున్న సంఘటనలు గుర్తుచేశారు. ప్రవేశ పరీక్ష మార్కుల్ని బట్టి హాస్టల్ గదులు ఇవ్వడం, మార్కులు అందరికీ కనబడేలా పెట్టడం ఆపాలన్నారు. ఈ విషయంలో నల్సార్‌కు మంచి పేరే ఉంది. 2022లో ఒక హాస్టల్‌లో ఒక అంతస్తును లింగ భేదం లేని చోటుగా కేటాయించిన ప్రాంగణమిది. ఆ మనసు భాష దగ్గరా చూపించమనడం పెద్ద కోరికేమీ కాదు.

ఉర్దూలో లా చెప్పిన నగరం

భాష సంగతి ఈ నగరానికి కొత్తది కాదు. 1918లో ఉస్మానియా మొదలైనప్పుడు ఉర్దూలోనే పాఠాలు చెప్పారు. అందుకోసం ప్రత్యేకంగా అనువాద సంస్థనే నెలకొల్పి, చట్టాలతో సహా పుస్తకాలు ఉర్దూలోకి తెచ్చారు. నిజాం రాజ్యంలో ఎక్కువమంది మాట్లాడే తెలుగుకు అప్పుడూ చోటు దక్కలేదు, అది వేరే కథ. దేశభాషలో న్యాయశాస్త్రం చెప్పడం కుదరని పని కాదని వందేళ్ల కిందటే ఇక్కడ రుజువైంది.

2023 జూన్‌లో తెలంగాణ హైకోర్టు మొదటిసారి తెలుగులో తీర్పు ఇచ్చింది. జస్టిస్ పి.నవీన్‌రావు, జస్టిస్ నగేశ్ భీమపాక రాసిన ఆ తీర్పు ఒక భూమి తగాదాది. ఆ భూమి ఎక్కడిదో కాదు, మచ్చబొల్లారంలోది. శామీర్‌పేట రోడ్డు పక్కన ఉన్న ఊరే అది. ఇక్కడి జనానికి చట్టమంటే మొదట భూమే. భూరికార్డుల ధరణి పోర్టల్‌ను 2020 అక్టోబర్‌లో ప్రారంభించింది మూడుచింతలపల్లిలో. దాని స్థానంలో భూభారతి చట్టం 2025 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చింది. ఆ చట్టం తయారీలో పాలుపంచుకున్న 'భూమి' సునీల్ కుమార్ నల్సార్‌లో భూచట్టాలు చెప్పినవారే. రైతులతో, రెవెన్యూ ఉద్యోగులతో ఆయన మాట్లాడేది తెలుగులోనే. మాడభూషి శ్రీధర్ నల్సార్‌లో ప్రొఫెసర్‌గా ఉంటూనే తెలుగు పత్రికల్లో సమాచార హక్కు గురించి రాశారు, తర్వాత కేంద్ర సమాచార కమిషనర్ అయ్యారు.

అంటే తెలుగులో చట్టం చెప్పగలిగినవాళ్లు ఆ ప్రాంగణంలో లేక కాదు. ఇన్నాళ్లూ అది వాళ్ల వాళ్ల సొంత ఉత్సాహం మీద నడిచింది. బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం ప్రతి లా కాలేజీకీ న్యాయ సహాయ కేంద్రం ఉండాలి. దాన్ని సోమవారం సోమవారం కలెక్టరేట్ వరండాలో ఒక బల్ల వేసి నడపడానికి కన్సార్టియం అనుమతి అక్కర్లేదు, అసెంబ్లీలో సవరణ అక్కర్లేదు. జిల్లాలోని ప్రభుత్వ ఇంటర్ కాలేజీల నుంచి ఏటా ముప్ఫై మందిని ఎంచి, వేసవిలో ఖాళీగా ఉండే హాస్టల్ గదుల్లోనే వాళ్లకు ఇంగ్లిష్ పేరాలు చదవడం నేర్పడానికి అయ్యే ఖర్చూ భరించలేనంత కాదు. ఇవి రెండూ ఛాన్సలర్ సంతకం దాకా కూడా వెళ్లక్కర్లేని పనులు.